సుగ్గి పిల్లలు ఏ ఊరి లెక్క?

సంపాదకులకు నమస్కారం.

విద్యకు బడ్జెట్‌లో ఎంత కేటాయించాలన్న దాని మీద మీ పేజీలో ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. జాతీయాదాయంలో ఆరు శాతం పెట్టాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ అదే అంకె చెప్పింది. అక్కడికి ఇప్పటికీ చేరలేదు. దాని గురించి రాసేవాళ్లు బాగానే రాస్తున్నారు. వలస కూలీల పిల్లల గురించి నాది అంతకంటే చిన్న ప్రశ్న. ఏ నెలలో ఏ ఊళ్లో ఎంతమంది పిల్లలున్నారో తెలియకుండా ఆ డబ్బు ఎక్కడ ఖర్చుపెడతారు?

బెంగళూరులో మా వర్తూరు, సర్జాపుర రోడ్డు వైపు కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల వెనక రేకుల షెడ్లు కనిపిస్తాయి. చాలా వాటిలో మన తెలుగే వినపడుతుంది. ఆదోని, కోసిగి, కౌతాళం, మంత్రాలయం నుంచి వచ్చినవాళ్లు కొందరు, పాలమూరు వాళ్లు కొందరు. కర్నూలు పడమటి మండలాల్లో దీన్ని సుగ్గికి పోవడం అంటారు. ఊళ్లో పంట పని అయిపోగానే ఇంటికి తాళం వేసి, కొందరు గుంటూరు వైపు మిరపకోతలకు, కొందరు బెంగళూరుకు బిల్డింగు పనికి బయల్దేరతారు. ఎండాకాలంలో తిరిగి ఊరు చేరతారు. చూసుకోవడానికి అవ్వాతాతలుంటే పిల్లలు ఊళ్లో ఆగుతారు, లేకపోతే వలస నెలల్లో ఇలాంటి పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో చేరతారు. ఆ రెండూ కుదరని పిల్లలు అమ్మానాన్నల వెంట ఇక్కడికి వస్తారు.

ఆమధ్య ఒక షెడ్డు దగ్గర తమ్ముణ్ని చంకనేసుకుని బిందె నింపుతున్న పిల్లను ఏం చదువుతున్నావని అడిగాను. "నాలుగు" అంది, తడుముకోకుండా. ఏ బడి అంటే ఊళ్లో బడి పేరు చెప్పింది. ఆ పిల్ల అబద్ధమాడలేదు. అక్కడి రిజిస్టర్‌లో ఆమె నాలుగో తరగతి చదువుతూనే ఉంది.

ఎందుకంటే దేశమంతటా బడుల వివరాలు యూడైస్ అనే పద్ధతిలో సేకరిస్తారు. దానికి ప్రామాణికమైన తేదీ సెప్టెంబర్ 30. ఆ రోజుకు ఈ పిల్లలు కోసిగిలోనే ఉంటారు. నవంబర్, డిసెంబర్ నాటికి బెంగళూరులో ఉంటారు. టీచర్ పోస్టు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ సెప్టెంబర్ సంఖ్యను బట్టి నడుస్తాయి. పిల్ల వెళ్లిపోయిందని అక్కడి హెచ్చెమ్ పేరు కొట్టేయడు. కొట్టేస్తే సంఖ్య తగ్గి, పిల్లల సంఖ్యను బట్టి టీచర్ పోస్టులు సర్దే రేషనలైజేషన్‌లో ఉన్న పోస్టు కాస్తా ఎగిరిపోవచ్చు. నేనూ ఆ వృత్తిలో ఉన్నవాణ్నే కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేను.

ఇక జనాభా లెక్కలు. 2011 తర్వాత మళ్లీ జరగలేదు. 2021లో జరగాల్సినవి వాయిదా పడి పడి, మనుషుల్ని లెక్కపెట్టే పని 2027 ఫిబ్రవరికి వెళ్లింది. ఫిబ్రవరి అంటే సుగ్గి నడిమధ్య! షెడ్లు నిండుగా ఉండే నెల. అంటే బడి లెక్కలో ఈ పిల్లలు కర్నూలు జిల్లావాళ్లు, జనాభా లెక్కలో బెంగళూరువాళ్లు. రెండూ నిజమే. ఆ రెండిటినీ ముందేసుకుని ప్లాన్ రాసే అధికారికి మాత్రం అక్కడేమో పిల్లల కంటే అడ్మిషన్లు ఎక్కువగానూ, ఇక్కడేమో బడి బయటి పిల్లలు ఎక్కువగానూ తేలతారు. అక్కడివి దొంగ అడ్మిషన్లనీ, ఇక్కడి తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనీ రిపోర్టు రాయడానికి అంతకంటే ఏం కావాలి?

చట్టం లేదా అంటే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదేనని స్పష్టంగా రాసి ఉంది. టీసీ రాలేదనో, వయసు కాగితం లేదనో చేర్చుకోకుండా ఉండకూడదు. మా దగ్గరి ఒక ప్రభుత్వ బడి హెచ్చెమ్ ఈ మాట పాటిస్తున్నారు కూడా. హాజరు రిజిస్టర్ చివరి పేజీలో సుగ్గి పిల్లల పేర్లు పెన్సిల్‌తో రాసుకున్నారు. పాత బడి వాళ్లు ఆన్‌లైన్‌లో వదిలితే తప్ప ఇక్కడ పేరు ఎక్కడం లేదట. మధ్యాహ్నం అన్నం ఎలాగో సర్దుతున్నారు, పుస్తకాలు మాత్రం ఇవ్వలేకపోతున్నారు. పైనుంచి తనిఖీకి వస్తే ఈ పెన్సిల్ పేర్లకు ఏం సమాధానం చెప్పాలా అని ఆయన టెన్షన్ ఆయనది. భాష సమస్య మనం అనుకున్నంత లేదు. ఇక్కడి టీచర్లలో కోలారు, చిక్కబళ్లాపురం వైపు వాళ్లకు తెలుగు బాగానే వచ్చు, కన్నడ లిపి మన పిల్లలకు తొందరగానే పట్టుబడుతుంది.

నాకు తోచింది ఇది. అపార్ట్‌మెంటుకు అనుమతి ఇచ్చే ముందు నీళ్లకు, మురుగుకు, ఫైర్‌కు ఎన్‌ఓసీలు అడుగుతారు. ఎన్ని అంతస్తులో ఆ ఫైల్లోనే ఉంటుంది. దాన్నిబట్టి ఎన్నేళ్లు పని నడుస్తుందో, ఎంతమంది కూలీలు దిగుతారో ఏ మేస్త్రీని అడిగినా చెప్తాడు. ఇప్పుడు బెంగళూరుకు ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. అనుమతి కాగితం నకలు ఒకటి ఆ ఏరియా బ్లాకు విద్యాధికారికి (బీఈఓకు) పంపడం వాటికి పెద్ద పనేం కాదు. 1996 చట్టంతో మొదలైన ఏర్పాటు ప్రకారం నిర్మాణ ఖర్చు మీద కనీసం ఒక శాతం సెస్ కట్టించుకుంటున్నారు. అది కార్మికుల సంక్షేమానికి వసూలుచేసే డబ్బే, వాళ్ల పిల్లల చదువుకు సాయం చేయడం ఆ సంక్షేమ బోర్డు విధుల్లో ఒకటి. అందులోంచి షెడ్ల దగ్గర ఒక గది, ఒక టీచరు ఏర్పాటు చేయలేరా?

రెండోది, సెప్టెంబర్‌లో ఒకసారి తీసే బడి లెక్కను వలసలు ఎక్కువున్న జిల్లాల్లో, నగరాల్లో జనవరిలో మరోసారి తీయాలి. ఆహారభద్రత చట్టం కింద ఉన్న రేషన్ కార్డుతో ఊరి బియ్యం ఈ ఊళ్లో తెచ్చుకునే వీలు ఇప్పటికే ఉంది. బియ్యానికి కుదిరింది నాలుగో తరగతి పుస్తకాలకు ఎందుకు కుదరదో నాకు అర్థం కావడం లేదు.

కనీసం దసరా సెలవులు కాగానే కర్నూలు వైపు మండలాల నుంచి పేర్ల జాబితా బెంగళూరు విద్యాశాఖకు అందాలి. పంపాల్సింది మండల విద్యాధికారా (ఎంఈఓనా), జిల్లా ఆఫీసా అన్నది రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుని తేల్చుకోవాలి. ఈ విషయమై వాళ్ల వివరణ అడిగి మీ పత్రికలో వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
వర్తూరు, బెంగళూరు