మన కాలనీ సాంస్కృతిక సంఘం, కాగితం కత్తిరింపు కళా విభాగం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. లెక్కల పత్రం కోశాధికారి గారు విడిగా పంచుతున్నారు కాబట్టి ఇక్కడ డబ్బు మాట ఎత్తను. ఏడాదిలో ఏం కోశాం, ఎలా కోశాం అన్నదే చెబుతాను.

కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈసారి హైదరాబాద్ పాత కట్టడాలు దాటి పోలేదు. ఎవరు ఏది కోయదలచినా ముందు దాని ఎదుట కూర్చుని గీసుకు రావాలని కమిటీ షరతు పెట్టింది. ఫోన్లో దొరికిన ఫొటో మీద కాగితం పెట్టి దించడం కుదరదన్నాం. ఎండలకు కొందరు గొణిగారు, అది న్యాయమే. అయినా షరతు సడలించలేదు.

మొదలు చార్మినార్‌తోనే. ఎడమా కుడీ ఒకేలా ఉంటాయి గనక కాగితం మధ్యకు మడిచి సగం కోస్తే పని అయిపోతుందనుకున్నారు కొత్తవాళ్లు. విప్పి చూస్తే కమాను మీది గడియారానికి నాలుగు ముళ్లు! 1591 నాటి కట్టడానికి 1889లో గడియారాలు తగిలించినవాళ్లు మనకింత తంటా పెడతారనుకోలేదు. ఇప్పుడు ఆ చోటు వదిలేసి, మడత విప్పాక గడియారాన్ని విడిగా కోస్తున్నాం. మొజంజాహీ మార్కెట్ (1935)లో మరో చిక్కు. అంతా రాతి గోడ, కోయడానికి చోటే తక్కువ. నల్ల కాగితాన్ని చాలామటుకు అలాగే ఉంచి, కమానులూ గడియార స్తంభం మాత్రమే తెరిచిన బొమ్మే అందరికీ నచ్చింది. కోఠీ రెసిడెన్సీ ముందరి ఆరు స్తంభాలు పిల్లలు కూడా కోసేశారు.

అసలు పరీక్ష పాయిగా ప్రభువుల సమాధుల దగ్గర ఎదురైంది. అక్కడి జాలీల్లో, అంటే కంతలు కంతలుగా చెక్కిన తెరల్లో, నక్షత్రాలు, పూలు, తీగలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. రాతికైనా గచ్చుకైనా మందం ఉంది, మన కాగితానికి లేదు. నక్షత్రం చుట్టూ పూర్తిగా కోస్తే నక్షత్రమే ఊడి చేతిలోకి వస్తుంది. దాన్ని పట్టి ఉంచే సన్నటి కాడ ఎక్కడ వదలాలన్నది పెన్సిల్‌తోనే తేల్చుకోవాలి. కోసేటప్పుడు మధ్యనుంచి బయటికి రావాలి, చిన్న కంతలు ముందు, అంచు ఆఖర్న. అంచు ముందే తీసేస్తే కాగితం పట్టు వదిలి బ్లేడు కింద నలుగుతుంది. వంపు వచ్చినచోట చెయ్యి కదపకుండా కాగితాన్నే తిప్పాలి. మన సీనియర్ సభ్యురాలు ఒకరు కోసిన జాలీని కిటికీకి ఆనించి పెడితే హాలు నేలంతా నీడల ముగ్గు పరుచుకుంది.

వానాకాలం ప్రదర్శన మాత్రం సగమే బాగుంది. జిగురు తడికి చాలా బొమ్మలు ముడతలు పడ్డాయి. ఇకమీదట కాగితమంతా పూయకుండా అక్కడక్కడా గ్లూ స్టిక్‌తో చుక్కలు పెట్టి అంటించాలని తీర్మానించాం.

లేజర్ యంత్రం కొందామన్న ప్రతిపాదన మీద వాదన గట్టిగానే జరిగింది, నిర్ణయం వాయిదా పడింది. యంత్రం జాలీని నిమిషాల్లో కోస్తుంది, కాదనను. కానీ కాడ ఎక్కడ వదలాలో ఆలోచించే పని మన చేతినుంచి పోతే ఇక విభాగం దేనికి? ఒక గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులుగా చార్మినార్లు గంపగుత్తగా కోసిమ్మన్న ఆర్డరు కూడా ఇదే ఆలోచనతో వద్దన్నాం. కోశాధికారి గారి కోపం ఇంకా చల్లారలేదు.

వచ్చే ఏడాది వరంగల్ కోట తోరణం, రామప్ప గుడి అనుకుంటున్నాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్ప కోయాలని అడగని సభ్యుడు లేడు. అక్కడి మదనికలు, అంటే చూరు కింద నిలిచిన స్త్రీల శిల్పాలు, ఒక్క పొరలో ఒదగవు, కాబట్టి రెండు మూడు కాగితాలు ఒకదాని వెనక ఒకటి అమర్చే పద్ధతి ముందుగా నేర్చుకోవాలి. ఆ తరగతులకు పేర్లు ఇప్పుడే ఇవ్వండి.

చివరగా, అరిగిన బ్లేడ్లు చెత్తబుట్టలో పడేయొద్దు. తలుపు పక్కన మూత ఉన్న రేకు డబ్బా పెట్టాం, అందులోనే వేయండి.

– కార్యదర్శి