క్రిప్టోకు పన్ను ఉంది, రక్షణేదీ?

బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేలైన క్రిప్టో కరెన్సీ లాభాలపై 30 శాతం పన్ను, 2022 జూలై నుంచి లావాదేవీలపై ఒక శాతం టీడీఎస్ (చెల్లింపు వేళే కోసుకునే పన్ను) విధించిన కేంద్రం, అందులో సొమ్ము పెట్టేవారిని కాపాడే ప్రత్యేక చట్టాన్ని మాత్రం ఇంతవరకు తేలేదు. ఈ సందు మా మిర్యాలగూడ, దేవరకొండ ప్రాంతాల్లో దళారులకు కలిసివచ్చింది. వడ్ల పైసలు ఖాతాల్లో పడే వేళకు ఊళ్లలో దిగి, సెల్‌ఫోనులో రోజురోజుకూ పెరిగే అంకెలు చూపించి, మరో ఇద్దరిని చేర్పిస్తే కమీషన్ అని ఆశపెడుతున్నారు. ఆ అంకెలు మార్కెట్ ధరలు కావు, యాప్ నడిపేవాడు తన ఇష్టానికి వేసుకున్నవి. సొమ్ము వెనక్కి అడిగితే ముందుగా ‘పన్ను’ కట్టమని మరికొంత గుంజుతారు. బిట్‌కాయిన్ల సంఖ్య 2.1 కోట్లకు మించదన్నది నిజమే గానీ, ఆ నిజాన్ని అడ్డుపెట్టుకుని ఊరూపేరూ లేని కాయిన్‌ను అంటగట్టడం పచ్చి గొలుసుకట్టు మోసం. అలాగని అంతటినీ నిషేధించమనడం సరికాదు. క్రిప్టో వ్యాపారాలకు బ్యాంకు సేవలను అడ్డుకుంటూ రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టివేసింది. కేంద్ర ఆర్థిక నిఘా విభాగం వద్ద నమోదైన ఎక్స్ఛేంజీల (క్రిప్టో కొనుగోలు, అమ్మకాల వేదికల) జాబితాను తెలుగులో ప్రతి బ్యాంకు శాఖలో, గ్రామపంచాయతీలో అతికించాలి. రాబడికి హామీ ఇచ్చి డిపాజిట్లు సేకరించే దళారులపై పోలీసులు, బాధితుడు వచ్చేదాకా ఆగకుండా, 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కింద కేసులు పెట్టాలి.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా