పగులు మీద రంగు పూస్తే ఫైబర్ బోటు బాగుపడదు

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైన వారానికల్లా ఒడ్డున బోర్లించిన ఫైబర్ బోట్ల ఫొటోలు పత్రికల్లో కనిపిస్తాయి. నీలం, పసుపు ఎనామిల్ రంగులు దిద్దుతుంటారు. ఆ రంగు కిందే చాలా బోట్లకు బాగుచేయని పగుళ్లు ఉండిపోతాయని ఈ పని తెలిసినవాళ్లుగా చెప్పదలిచాం. జూన్ 14 దాకా 61 రోజులు బోటు నేల మీదే ఉంటుంది. సరిగ్గా బాగుచేసుకోవడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి అదను దొరకదు. దాన్ని రంగుకే ఖర్చుపెట్టడం దండగ.

ఫైబర్ బోటు పైన కనిపించే నున్నటి పొర జెల్‌కోట్. మందం అర మిల్లీమీటరు, అటూఇటూ. జాడీకి మెరుపు పూత ఎలాంటిదో బోటుకు ఈ పొర అలాంటిది. బలం, రెజిన్ అనే జిగురుతో తడిపి గట్టిపరిచిన లోపలి గాజు పోగుల మ్యాట్‌దే అయినా, ఉప్పునీటిని ఆ మ్యాట్ దగ్గరికి పోనివ్వకుండా ఆపేది మాత్రం ఈ పొరే. ఇది చిట్లితే నీళ్లు గాజు పోగుల వెంబడి మెల్లగా లోపలికి పాకుతాయి. పోగుకూ రెజిన్‌కూ ఉన్న పట్టు సడలుతుంది, బోటు బరువెక్కుతుంది. ఎనామిల్ పెయింటు ఆ నీటిని ఆపలేదు. ఇసుక మీద నాలుగుసార్లు ఈడిస్తే అడుగు గట్టు దగ్గర అదీ లేచిపోతుంది.

ముందు దెబ్బ ఏ రకమో తేల్చుకోవాలి. గోరు పెట్టి గీస్తే తగలని గీతకు వాటర్ పేపర్ (నీళ్లు పోస్తూ రుద్దే సాండ్ పేపర్) చాలు. ఒకచోట నుంచి నక్షత్రంలా నాలుగు వైపులా పాకిన సన్నటి పగుళ్లు ఏదో గట్టిగా తగిలినందువల్ల వస్తాయి. అమరం (బోటు వెనుక కొస) దగ్గర ఇంజన్ బిగించిన చోటా, అడ్డపలకలు ఆనే చోటా పక్కపక్కనే వరసగా గీతలుంటే అది అదురు వల్ల. ఈ అదురు పగుళ్లకు పైపైన ఎంత జెల్‌కోట్ పూసినా కొన్నాళ్లకే మళ్లీ చీలుతుంది. ముందు లోపలి వైపు మ్యాట్ వేసి ఆ చోటును గట్టిపరచాలి. ఇంజన్ బోల్టు ఊడదీసినప్పుడు నల్లగా నానిన ప్లైవుడ్ పొడి రాలితే అది జెల్‌కోట్ పని కాదు, పలకే మార్చాలి. స్పానర్ పిడితో చుట్టూ తట్టి చూడండి. టక్కుమని మోగాలి. మొద్దుగా వినిపిస్తే పొరలు విడిపోయినట్టే. ఎప్పుడూ హార్బరు నీళ్లలోనే ఉండే బోట్లకు అడుగున బొబ్బలు కూడా వస్తాయి. పొడిస్తే పుల్లటి వాసనతో జిగట నీరు కారుతుంది.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, చాలామంది తొందరపడేదీ ఇక్కడే. మంచినీళ్లతో ఉప్పంతా కడిగి, ఆరాక ఎసిటోన్ (జిడ్డును కరిగించే ద్రవం) గుడ్డతో జిడ్డు తీసి, ఆ తర్వాతే సాండ్ పేపర్ పట్టాలి. వరస తిరగబడితే జిడ్డు గీతల్లోకి దిగి, పూత పట్టుకోదు. కిరోసిన్‌తో తుడవడం అసలే వద్దు, అది నూనె పొర వదిలి వెళుతుంది. సన్నటి పగులులోకి జెల్‌కోట్ దిగదు కాబట్టి దాన్ని పగులగానే ఉంచి పూయకూడదు. మొనదేలిన గీకుడు పనిముట్టుతోనో, చిన్న గ్రైండర్‌తోనో ఇంగ్లిష్ వి అక్షరం ఆకారంలో తెరిచి, పగులు కొస దాటి ఒక సెంటీమీటరు దాకా తీసి, అంచులను 80 నంబరు పేపర్‌తో గరుకు చేయాలి. గ్రైండర్ వాడితే మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి.

తర్వాత ఆరబెట్టాలి. పైన పొడిగా కనిపించినా లోపల మ్యాట్‌లో తేమ ఉంటుంది. తెరిచిన చోట పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం పరిచి నాలుగంచులా టేపు అంటించి ఒక పగలంతా ఎండకు వదలండి. కాగితం లోపల నీటి బొట్లు పడితే ఇంకా ఆరలేదని అర్థం. టేపు తీసి మళ్లీ ఆరనిచ్చి, మళ్లీ చూడాలి. తేమ మీద మూసిన అతుకు ఎంత మంచి సరుకుతో వేసినా లేచిపోతుంది.

లోతు ఒక మిల్లీమీటరు దాటితే ఆ గుంతంతా జెల్‌కోట్‌తోనే నింపకూడదు. దానిలో గాజు ఉండదు, మందంగా పోస్తే పెళుసెక్కి చీలుతుంది. అడుగున రెజిన్‌లో ఏరోసిల్ (చిక్కబరిచే సన్నటి సిలికా పొడి), తరిగిన గాజు పోగులు కలిపిన ముద్ద పెట్టి, పైన జెల్‌కోట్ కోసం అర మిల్లీమీటరు వదలాలి. గాజు పొర కూడా తెగి ఉంటే మ్యాటే వేయాలి. మందానికి పన్నెండింతల వెడల్పున అంచును ఏటవాలుగా తీయాలి, అంటే 5 మిల్లీమీటర్ల గోడకు చుట్టూ 60 మిల్లీమీటర్లు. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ అర చదరపు మీటరు వేస్తే సుమారు అర కిలో రెజిన్ పడుతుంది. కారు బాడీకి పెట్టే పుట్టీ నీటి గీత కింద వద్దు, అది నీరు పీలుస్తుంది. వేటలో కారుతుంటే ఎపాక్సీ (వేరే రకం రెజిన్) ముద్ద పెట్టి ఒడ్డుకు చేరడం మంచిదే. కానీ దాని మీద పాలియెస్టర్ రకం మామూలు జెల్‌కోట్ నమ్మకంగా పట్టదు. ముద్ద పూర్తిగా తీసేయాలి, లేదంటే పైన ఎపాక్సీ పెయింటే వేసుకోవాలి.

కలిపేటప్పుడు కంటిలెక్క పనికిరాదు. వంద గ్రాముల జెల్‌కోట్‌కు క్యాటలిస్ట్ (గట్టిపడేలా చేసే ద్రవం) ఒకటిన్నర నుంచి రెండు మిల్లీలీటర్లు, సిరంజితో కొలిచి పోయాలి. మే నెల ఎండలో త్వరగా గడ్డకడుతోందని చాలామంది రెండు చుక్కలు వేసి ఊరుకుంటారు. ఒక శాతం కంటే తగ్గితే ఆ పూత ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు, పైకి ఎండినట్టే ఉండి కొన్నాళ్లకు సుద్దలా రాలుతుంది. వేడికి మందు క్యాటలిస్ట్ తగ్గించడం కాదు. బోటుకు నీడ కట్టండి, తెల్లవారుజామున పని చేయండి, ఒక్కోసారి 50 గ్రాములకు మించి కలపకండి.

జెల్‌కోట్ మామూలుగా గాలి తగిలినంతసేపూ పైన జిగటగానే ఉంటుంది. సరుకు పాడైందనుకుని దుకాణదారుతో గొడవపడేవాళ్లున్నారు, పాపం అతని తప్పేం లేదు. చివరి పూతలో మాత్రమే స్టైరీన్‌లో కరిగించిన మైనం కలపాలి, లేదా పూసిన వెంటనే ప్లాస్టిక్ కాగితం బుడగల్లేకుండా అద్ది వదలాలి. మైనం ముందు పూతలోనే కలిపితే తర్వాతి పూత అంటుకోదు. గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది గనుక చుట్టూ ఉన్న పొర కంటే కొంచెం ఎత్తుగా నింపాలి. మర్నాడు నీళ్లు పోస్తూ 220, 400, 600 వాటర్ పేపర్లతో సమం చేయాలి. వేట బోటుకు 600 చాలు, అద్దంలా మెరవాల్సిన పని లేదు.

ప్రాణాల మీదికి తెచ్చే సంగతి ఒకటుంది. రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే ఊదారంగు కోబాల్ట్‌నూ, నీళ్లలా కనిపించే క్యాటలిస్ట్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు. భగ్గుమని మండుతుంది, పేలనూ వచ్చు. కోబాల్ట్‌ను రెజిన్‌లో ముందు పూర్తిగా కలిపేసి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ కలపాలి. కొన్న సరుకులో కోబాల్ట్ ముందే కలిపి ఉందేమో అడిగి తెలుసుకోవాలి. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే పావుగంట ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తాలి. దాన్ని మంచినీళ్ల సీసాలో పోసి ఇంటికి తేవద్దు, పిల్లలు తాగేస్తారు. క్యాటలిస్ట్ కలిపాక మిగిలిన రెజిన్ గ్లాసులో వదిలితే వేడెక్కి పొగలు కక్కుతుంది, పలచగా పరిచి చల్లారనివ్వాలి. పని చోట బీడీ, చుట్ట వెలిగించొద్దు.

మత్స్యశాఖకు రెండు విన్నపాలు. నిషేధ కాలంలో ల్యాండింగ్ సెంటర్ల (బోట్లు ఒడ్డుకు చేరే చోట్ల) దగ్గర ఒకరోజు ఈ పని చేసి చూపించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది, కాగితాలు పంచితే చాలదు. రెండోది, బోటు కట్టేవాళ్లు అమ్మేటప్పుడే జెల్‌కోట్ రంగు నంబరు, గోడ మందం, ఎన్ని పొరల మ్యాట్ ఏ చోట వేశారన్నదీ రాసిచ్చేలా చూడాలి. ప్రస్తుతం గ్రైండర్ పెట్టి తెరిస్తే తప్ప లోపల మూడు పొరలున్నాయో ఆరున్నాయో తెలియదు. రెజిన్, జెల్‌కోట్ డబ్బాల మీద తయారైన తేదీ చూసి కొనే అలవాటు మాత్రం ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. రెజిన్‌కు ఆరు నెలలు, జెల్‌కోట్‌కు మూడు నుంచి ఆరు నెలలు, అదీ చల్లటి చోట ఉంచితేనే.

— ఫైబర్ బోట్ల మరమ్మతు పనివారు,
కాకినాడ తీరం