నలభై వేలు ముందు ఎక్కడ పెట్టాలో చెప్పినవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. చీటీ పాడిన డబ్బు 40 వేలు చేతిలో పట్టుకుని, రైఫిల్‌కి ముందు ఏది మార్చాలో తెలియక నాలుగు నెలల కిందట కనపడిన ప్రతి ఒక్కరినీ అడిగాను. అప్పుడు ఓపిగ్గా కూర్చుని చెప్పినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు, వాళ్లే వద్దన్నారు. చదివితే ఎవరి గురించో వాళ్లకి తెలిసిపోతుంది.

మా రైఫిల్ సెకండ్ హ్యాండ్‌ది. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. పాప స్కోరు 590 దగ్గర ఆగిపోయింది. 60 షాట్లకి గరిష్ఠం 654 అని తెలిసినవాళ్లకి ఆ బాధ అర్థమవుతుంది. రేంజ్‌లో మిగతా పిల్లల రైఫిళ్ల మీద మెరిసే కొత్త వెనక సైట్లు (కంటి దగ్గర ఉండి, గురి చూసే భాగం) చూసి, మాకూ అదే కావాలని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. ఉన్న 40 వేలూ దానికే సరిపోయేవి. ఆర్డర్ పెట్టే ముందు మాస్టారిని ఒక మాట అడుగుదామని వెళ్లాను. ఆ ఒక్క మాట అడగడం మా అదృష్టం.

మాస్టారు సైటు సంగతి ఎత్తలేదు. పాత స్కోరు షీట్లు తెమ్మన్నారు. పది పది షాట్ల సిరీస్‌లు విడదీసి చూపించారు: 100.1, 99.8, 99.6, 98.9, 97.2, 96.4. "సైటు బాగోకపోతే మొదటి షాట్ నుంచే తేడా రావాలి కదండీ, ఇక్కడ నలభై షాట్లు దాటాకే పడిపోతోంది" అన్నారు. ఏడాదిగా ఆ కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి. నేను మొత్తం అంకె ఒక్కటే చూసేవాణ్ణి.

తర్వాత రైఫిల్‌ని వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే ఇనప పట్టులో) బిగించి కాల్చి చూపించారు. మనిషి చెయ్యి తగలకుండా రైఫిల్ ఎంత కచ్చితంగా కొడుతుందో అప్పుడే తెలుస్తుందట. ఇక్కడ లెక్క చాలా సన్నగా ఉంటుంది. టార్గెట్ మధ్యలో ఉండే పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. మధ్య నుంచి పావు మిల్లీమీటరు జరిగిన ప్రతిసారీ 0.1 పోతుంది. మేం వాడుతున్న పెల్లెట్లతో పది షాట్లూ కలిసి చేసిన రంధ్రం దాదాపు 9 మిల్లీమీటర్లు వచ్చింది. అప్పుడు అక్కడే ప్రాక్టీస్ చేస్తున్న ఒక సీనియర్ అమ్మాయి (మా పాపకి అక్క) తన దగ్గరున్న నాలుగు రకాల పెల్లెట్లు ఇచ్చి "వీటితో కూడా చూడండి అంకుల్" అంది. వాటిలో ఒక రకంతో రంధ్రం 6 మిల్లీమీటర్లకి తగ్గింది. అదే రైఫిల్, అదే బ్యారెల్. బ్యారెల్ మార్చాలేమో అని నాకున్న భయం ఆ పూటే పోయింది. అమ్మా, నువ్వు ఆ రోజు ఖర్చుపెట్టిన పెల్లెట్లకి డబ్బులిస్తే తీసుకోలేదు. నీ మేలు మర్చిపోం.

ఆ పరీక్ష చేస్తున్నప్పుడే మాస్టారు గాలి సిలిండర్ మీద తేదీ చూశారు. తయారై పదేళ్లు దాటిపోయింది, అంటే దాని గడువు అయిపోయింది. మాకు అమ్మినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు, నాకు చూడాలని తెలియదు. 200 బార్ ఒత్తిడి గాలి నింపుకున్న డబ్బాని నా కూతురు చెంప పక్కన పెట్టుకుని రోజూ కాలుస్తోంది. అప్పటికప్పుడే గాలి వదిలించి పక్కన పెట్టించారు. గడువు దాటిన సిలిండర్‌ని మార్చుకునే బాధ్యత షూటర్‌దేనని, పోటీల్లో కూడా తనిఖీ చెయ్యొచ్చని నియమాల పుస్తకం తీసి చూపించారు. కొత్త సిలిండర్‌కి 24 వేలు అయింది. స్కోరులో 0.1 కూడా పెంచని ఖర్చు. అయినా మొదటి వరుసలో అదే ఉండాలని ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కొనే ప్రతి తల్లికీ తండ్రికీ నేనే చెబుతున్నాను. రేటు అడిగే ముందు సిలిండర్ మీద తేదీ అడగండి.

ఇక అసలు సంగతి, నలభై షాట్ల తర్వాత ఎందుకు పడిపోతోందన్నది. పాత యజమాని పొడగరి అయి ఉండాలి. బట్ ప్లేట్ (భుజానికి ఆనేది), చీక్ పీస్ (చెంప ఆనేది) అన్నీ అతని ఒంటికి సరిపోయినట్టే ఉన్నాయి. మా పాప మెడ ముందుకి సాచి, తల వంచి సైటులోకి చూస్తోంది. ఎడమ మోచెయ్యి నడుము ఎముక మీద ఆనడం లేదు, గాల్లో ఉంటోంది. 75 నిమిషాల పోటీలో ఆ బరువంతా భుజం కండలే మొయ్యాలి. బరువు కండ మీద కాదు, ఎముక మీద నిలబడాలన్నది మాస్టారి మాట. రైఫిల్ కింద చెయ్యి ఆనే చోట ఎత్తు పెంచాలి, బట్ ప్లేట్ పొడవు తగ్గించాలి, చెంప ఆనే చోటు పైకి లేపాలి. కానీ దేనికీ వెంటనే డబ్బు పెట్టొద్దన్నారు. చెక్క ముక్కలు, అట్టలు, టేపు పెట్టి రెండు వారాలు కాల్పించారు. మూడు మిల్లీమీటర్లు ఎక్కువ, రెండు తక్కువ అంటూ రోజూ ఒక నోట్‌బుక్‌లో రాయించారు. పాపకి మెడ నొప్పి తగ్గిందని మా ఆవిడ ముందు కనిపెట్టింది, స్కోరు మారింది ఆ తర్వాత.

కొలతలు కుదిరాక ఆ చెక్క ముక్కలు పట్టుకుని ఆటోనగర్ వెళ్లాం. లారీల సామాను చేసే లేత్ షెడ్డులో ఒక పెద్దాయన వాటిని తిప్పి తిప్పి చూసి, "ఇది దేనికమ్మా?" అని పాపని అడిగారు. చెప్పాక, చేస్తున్న పని పక్కన పెట్టి అల్యూమినియంలో అచ్చం అలాగే తీసిచ్చారు. ఒకటి వెంట్రుకవాసి బిగుతుగా ఉందంటే మళ్లీ లేత్ మీద పెట్టి సరిచేశారు. అన్నిటికీ కలిపి 1,800 తీసుకున్నారు. బాబాయ్ గారూ, పాప పోటీకి వెళ్లొచ్చాక కనపడమన్నారు కదా, ఈ ఆదివారం వస్తున్నాం. నియమాల ప్రకారం రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. మీ ముక్కలు బిగించాక తూకం వేశాం, లోపలే ఉంది.

షూటింగ్‌కి వేసుకునే జాకెట్ కొత్తది కొనలేదు. ఉన్న జాకెట్‌కే గవర్నర్‌పేటలో ఒక టైలర్ గారు బటన్లు జరిపి ఇచ్చారు, 600. బటన్లు పెట్టాక కూడా ఇంకో 70 మిల్లీమీటర్లు ఒకదాని మీదికి ఒకటి లాగగలిగేంత వదులు ఉండాలన్నది నియమం. అది చెబితే టేపు పెట్టి మరీ కుట్టారు. ముందు సైటులో పెట్టే రింగులు (టార్గెట్ మీది నల్ల చుక్కని వీటి మధ్యలోకి తెచ్చి గురిపెడతారు) కొంచెం పెద్దవి ఆ అక్కే ఇచ్చింది. రింగు మరీ బిగుతుగా ఉంటే నల్ల చుక్క అంచు తగులుతుందేమోనని టెన్షన్ పడి, ట్రిగ్గర్ ఆలస్యంగా లాగేదట మా పిల్ల. నాకు ఎప్పుడూ చెప్పలేదు, అక్కకి చెప్పింది.

రైఫిల్‌లో గాలి పోకుండా పట్టే సీళ్లు మార్చడానికి 1,200, వైస్‌లో బాగా కొట్టిన ఆ రకం పెల్లెట్లు అన్నీ ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) 9 వేలకి. మొత్తం 36,600 అయింది. మిగిలిన 3,400 ఎంట్రీ ఫీజులకి ఉంచాను. వెనక సైటు పాతదే ఉంది. మాస్టారు దాన్ని శుభ్రం చేసి, స్క్రూలు సరిచేసి ఇచ్చారు.

మొన్నటి పోటీలో 606.3 వచ్చింది. చివరి రెండు సిరీస్‌లు 100.8, 101.0. స్కోరు షీటు చేతికిచ్చి పాప ఏం మాట్లాడలేదు, వేలు పెట్టి ఆ చివరి రెండు అంకెలే చూపించింది. మాస్టారూ, ఆ షీటు కాపీ మీకోసం తీసి పెట్టాను.

కొలతలకి వాడిన చెక్క ముక్కలు, ఆ నోట్‌బుక్ మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ రైఫిల్‌తో అవస్థ పడుతున్న పిల్లలు రేంజ్‌లో ఎవరైనా ఉంటే మాస్టారికి ఒక మాట చెప్పండి, నేనే తెచ్చి ఇస్తాను.