ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. విశ్వవిద్యాలయాల్లో ఖాళీల గురించి వార్త వచ్చినప్పుడల్లా ఎన్ని పోస్టులన్న లెక్కే కనిపిస్తుంది. రిటైరైన మనిషితో పాటు ఏ చదువు గడప దాటిందో ఎవరూ రాయరు.

నేను ఎమ్మెస్సీ బోటనీ చదివిన చోట టాక్సానమీ (మొక్కల్ని గుర్తుపట్టి, పేరు తేల్చి, వర్గీకరించే శాస్త్రం) చెప్పే మాస్టారిని చాటున ‘గడ్డి సారు’ అనేవాళ్లం. ఆయన పరిశోధనంతా గడ్డి, తుంగ జాతుల మీదే. రైతు పీకి గట్టున పారేసిన కలుపు కనబడితే చాలు, బస్సు ఆపించేవారు. గడ్డికీ తుంగకీ తేడా బోర్డు మీద రాయలేదు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూడమన్నారు. మూడు అంచులు తగిలితే మామూలుగా తుంగ, నున్నగా దొర్లితే గడ్డి. ఇప్పుడు మా ఇంటర్ పిల్లల చేతా అదే చేయిస్తున్నాను.

తెచ్చిన మొక్కల్ని పాత దినపత్రికల మధ్య పెట్టి నొక్కేవాళ్లం (మీ పత్రికా ఉండే ఉంటుంది). చెమ్మ పట్టిన కాగితం తీసి పొడిది మార్చకపోతే బూజే. ఆరాక అట్ట మీద అంటించి, మూలన ఊరు, తేదీ, సేకరించినవారి పేరు రాయాలి. ఆ చీటీ లేకపోతే అది ఎండుగడ్డే అనేవారు సారు. అలా అంటించిన షీట్లు దాచే చోటే హెర్బేరియం. దాని బీరువాల్లో వేసే కలరా ఉండలు ఆయన జేబులోంచే వచ్చేవి.

పోయినేడాది పని మీద వెళ్తే ఆ బీరువాకి తాళం వేసి ఉంది. చెవి ఎవరి దగ్గరుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. అద్దంలోంచి చూస్తే పై అరలో షీట్ల అంచులు పొడిపొడిగా రాలి ఉన్నాయి, పురుగు పట్టినట్టుంది. సారు పోస్టు ఖాళీగానే ఉంది. పాఠాలు చెబుతున్న గెస్ట్ లెక్చరర్‌కి నాచు మొక్కలంటే ప్రాణం. పాపం, ఆయనకి క్లాసు గంటల లెక్కన డబ్బు. కొండెక్కిన రోజు కూలి రాదు.

కొండంటే మామూలు కొండ కాదు. ఈత మొక్కలా కనిపించే సైకస్ బెడ్డోమీ ఈ తిరుపతి-కడప కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు, సంతోషం. మరి అక్కడ ఏం పెరుగుతోందో గుర్తుపట్టేవాళ్లు? మొక్క పేరు తేల్చాలంటే మేం ఇప్పటికీ 1915-36 మధ్య వెలువడిన గాంబుల్ మద్రాసు ఫ్లోరా (పాత మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల వివరాల పుస్తకం) తిరగేస్తున్నాం.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో నియామకాలు, పదోన్నతుల లెక్కకి సైన్సు అధ్యాపకుడి పరిశోధన పత్రానికి 8 పాయింట్లు, పేరున్న జర్నల్ అయితే పైన ఇంకొన్ని. భద్రపరిచిన షీటుకి ఆ పట్టికలో గడే లేదు. డీఎన్ఏ పరిశోధనలు వద్దని నేననను. కానీ ఆ డీఎన్ఏ ఏ మొక్కదో రేపు సరిచూడాలన్నా ఇలాంటి షీటే కావాలి కదా!

గెస్ట్ లెక్చరర్లు విద్యార్థుల్ని ఫీల్డుకి తీసుకెళ్లిన రోజును క్లాసు గంటల్లో కలపాలి. హెర్బేరియానికి ఒక బాధ్యుణ్ని పెట్టి, షీట్లను ఫొటోలు తీయించాలి. వీటికి కొత్త భవనాలేం అక్కర్లేదు.

ఆ బీరువా మూడో అరలో నేను తెచ్చిన తుంగ ఒకటుంది. మా ఊరి చెరువులోది. చెరువు ఇప్పుడు ప్లాట్లయింది.

— ఒక జూనియర్ కాలేజీ బోటనీ అధ్యాపకురాలు, తిరుపతి