అడవి పండ్లు కోసేవారూ, కుక్కలు పెంచేవారూ తప్పక చదవండి

దక్షిణ జర్మనీలో ఉంటున్న మన సభ్యులందరికీ నమస్కారం. ఇక్కడి ఎర్ర నక్కల పేగుల్లో ఎకినోకాకస్ మల్టీలోక్యులారిస్ అనే బద్దెపురుగు ఉంటుంది. పొడవు 5 మిల్లీమీటర్లు కూడా ఉండదు, నక్కకు పెద్దగా హాని చేయదు. మలంతో బయటపడిన గుడ్లు గడ్డితోపాటు పొలం ఎలుకల్లోకి చేరతాయి, ఆ ఎలుకను తిన్న నక్కలో మళ్లీ పురుగులు తయారవుతాయి. అవే గుడ్లు మన నోట్లోకి వెళితే వాటి నుంచి వచ్చే పిల్లపురుగులు కాలేయంలో కణితిలా పెరుగుతాయి. 5 నుంచి 15 ఏళ్ల వరకు లక్షణాలు కనిపించకపోవచ్చు. అరుదైన జబ్బే, కానీ చికిత్స లేకపోతే ప్రాణం తీస్తుంది.

ఇంటి ఫ్రీజర్ చలికి ఈ గుడ్లు చావవు, ఉడికిస్తే చస్తాయి. నేలకు దగ్గరగా కాసే పండ్లకు నక్క మలంలోని గుడ్లు అంటుకుని ఉండొచ్చు కాబట్టి, వాటిని జామ్ చేసుకోవడమే మేలు. ఎలుకలను తింటే నక్కలాగే కుక్కకూ ఈ పురుగు పట్టవచ్చు; ఎలుకలు పట్టే కుక్క ఉంటే ప్రాజిక్వాంటెల్ (బద్దెపురుగులను చంపే మందు) మాత్ర ఎన్నాళ్లకొకసారి వేయాలో పశువైద్యులను అడగండి. పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి, దయచేసి.