రెండు తరాల భాగాలతో కట్టిన ఇంజిన్ల గురించి మా లారీ యజమానులకు

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో ఇంజిన్ పని చేయించుకున్న, చేయించుకోబోతున్న లారీ, టిప్పరు యజమానులందరికీ నమస్కారం. గత వేసవిలో మేము కట్టి ఇచ్చిన ఒక ఇంజిన్ నాలుగు నెలలకే పాడైంది. ఆ తప్పు డ్రైవరుది కాదు, డీజిల్‌ది కాదు, విడిభాగాలు అమ్మినవారిదీ కాదు, పూర్తిగా మాది. ఏం జరిగిందో, దాని వల్ల మా పనిలో ఏం మారుతున్నదో మీకు వేరేవాళ్ల నోటి ద్వారా కాకుండా మా ద్వారానే తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆ బండి జగ్గయ్యపేట వైపు సున్నపురాయి తోలే పాత టిప్పరు. అందులో ఉన్నది కమిన్స్ బి సిరీస్ 5.9 లీటర్ల ఇంజిన్, అదీ సిలిండరుకు రెండేసి చొప్పున పన్నెండు వాల్వులు, పక్కన డీజిల్‌ను నాజిళ్లకు తోసే ఇన్‌లైన్ పంపు ఉన్న పాత తరానిది. బ్లాకు పగిలింది కాని హెడ్డు, పంపు, టర్బో బాగానే ఉన్నాయి. పాత బండ్లు విప్పే చోట యజమానికి ఒక హాఫ్ ఇంజిన్, అంటే హెడ్డు, పంపు లేకుండా బ్లాకు, క్రాంకు, పిస్టన్లు ఉన్న కింది సగం, తక్కువ ధరకు దొరికింది. అదీ 5.9 లీటర్లదే, బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 102, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 120 మిల్లీమీటర్లే. అయితే అది సిలిండరుకు నాలుగేసి చొప్పున ఇరవై నాలుగు వాల్వులతో వచ్చిన కామన్ రైల్ తరానిది, అంటే నాజిళ్లన్నిటికీ ఒకే అధిక ఒత్తిడి పైపు నుంచి డీజిల్ అందే రకం. దీని మీద తన హెడ్డు, పంపు ఎక్కించగలరా అని ఆయన అడిగారు. హెడ్డు బోల్టుల రంధ్రాలు కలిశాయి, బోరు కలిసింది, క్రాంకు కొలతలు బాగున్నాయి. ఎక్కించవచ్చునని మాట ఇచ్చింది నేనే.

క్యామ్ షాఫ్టు, పుష్ రాడ్లు, ఇంజిన్ ముందు వైపున టైమింగ్ గేర్లు ఉండే గేరు కేసు పాత ఇంజిన్‌వే వేశాము. పిస్టన్లు మాత్రం హాఫ్ ఇంజిన్‌తో వచ్చినవే ఉంచాము, ఎందుకంటే వాటికి అరుగుదల లేదు, రింగులు కొత్తవిగా ఉన్నాయి. మేము చేసిన తప్పు అక్కడే ఉంది.

రెండు వాల్వుల హెడ్డులో వాల్వులు పెద్దవి కాబట్టి డీజిల్ చిమ్మే నాజిల్‌కు నడిమధ్యన చోటు ఉండదు. అది ఒక పక్కకు జరిగి, వాలుగా కూర్చుంటుంది. అందుకు తగ్గట్టే ఆ తరం పిస్టన్ తల మీద డీజిల్ మండే గుంట కూడా ఒక పక్కకు జరిగి ఉంటుంది. నాలుగు వాల్వుల హెడ్డులో నాజిల్ నిటారుగా సిలిండరు నడిమధ్యన దిగుతుంది కాబట్టి ఆ తరం పిస్టన్‌లో గుంట కూడా నడిమధ్యనే ఉంటుంది. పక్కకు ఉన్న నాజిల్ కింద నడిమధ్యన గుంట ఉన్న పిస్టన్ పెట్టినా ఇంజిన్ స్టార్టవుతుంది, ఖాళీ బండితో చక్కగానే తిరుగుతుంది. లోడు వేసి ఎగువకు ఎక్కించినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ నాలుగు నెలల్లో బండి రెండుసార్లు మా దగ్గరికి తిరిగి వచ్చింది. నల్లపొగ ఎక్కువగా ఉందనీ, మైలేజీ పడిపోయిందనీ, లోడు మీద వేడెక్కుతున్నదనీ డ్రైవరు స్పష్టంగా చెప్పాడు. మొదటిసారి పంపు టైమింగు సరిచూశాము. రెండోసారి వాల్వు సందులు మళ్లీ పెట్టాము, ఇన్‌టేక్‌కు 0.25, ఎగ్జాస్ట్‌కు 0.51 మిల్లీమీటర్లు, పుస్తకంలో ఉన్నట్టే. అంతా సరిగానే ఉందని చెప్పి రెండుసార్లూ పంపించేశాము. ఆ రోజే హెడ్డు దించి చూసి ఉంటే పిస్టన్లు మార్చడంతో పోయేది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే: డ్రైవరు చెప్పింది నిజం, మేమే వినలేదు.

మూడోసారి బండి లాక్కొని రావలసి వచ్చింది. ఆరు పిస్టన్లనూ తీసి బల్ల మీద వరుసగా పేర్చాము. నాజిల్ తుంపర తగిలిన చోట పిస్టన్ మీద మసిలో పూల రేకుల్లాంటి గుర్తులు పడతాయి. అవి గుంట లోపల చుట్టూ సమానంగా పరుచుకోవాలి. ఈ ఆరింటి మీదా ఒకవైపు రేకులు గుంట అంచు దాటి పైకి వచ్చేశాయి, రెండోవైపు గుంటలో మసి తప్ప రేకే లేదు. మూడో పిస్టన్ అంచు గోరంత మేర కరిగిపోయింది. అక్కడి నుంచి కారిన అల్యూమినియం సిలిండరు గోడకు వెండిపూతలా అంటుకుంది. ఆయిలు పల్చబడి డీజిల్ వాసన వేస్తోంది. ఈ గుర్తులు ఎలా ఉంటాయో మీకు చూపించడానికి ఆ పిస్టన్‌ను షెడ్డులోనే ఉంచాము. ఎవరు వచ్చినా అడిగి చూడవచ్చు.

ఇంకొక సంగతి ఉంది, దీని వల్ల ముందు ముందు మరింత నష్టం జరిగే అవకాశం ఉండేది. కమిన్స్ ఇంజిన్‌కు ముందువైపు గేరు కేసు మీద ఒక ప్లేటు ఉంటుంది, దాని మీద ఇంజిన్ సీరియల్ నంబరు, సీపీఎల్ నంబరు ఉంటాయి. ఏ పిస్టన్, ఏ క్యామ్ షాఫ్టు, ఏ నాజిల్, ఏ టర్బో వేయాలో ఆ సీపీఎల్ నంబరే చెబుతుంది. మేము పాత గేరు కేసు తెచ్చి కొత్త తరం బ్లాకుకు బిగించడంతో ప్లేటు కూడా దానితోపాటే వచ్చేసింది. అంటే ఆ ఇంజిన్ పైకి పాత తరానిదని చెబుతుంది, లోపల సగం కొత్త తరానిది. రేపు వేరే ఊళ్లో వేరే మెకానిక్ ఆ ప్లేటు చూసి భాగాలు తెప్పిస్తే అతని తప్పు ఏమీ లేకుండానే పొరపాటు జరుగుతుంది. హాఫ్ ఇంజిన్‌కైతే గేరు కేసే లేదు కాబట్టి దాని అసలు నంబరు ఏమిటో మాకు తెలియలేదు, మేము అడగనూ లేదు.

ఆ పాత గేరు కేసు గురించి ఒక మాట చెప్పాలి. అందులో చిన్న ఉక్కు డోవెల్ పిన్ ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి అదురుకు అది వదులై జారి టైమింగ్ గేర్ల మధ్య పడితే గేర్లూ కేసూ పగిలిపోతాయి. పాత కేసును వాడే ప్రతిసారీ ఆ పిన్ బయటికి రాకుండా పైన ఉక్కు పట్టీ బిగిస్తాము. ఈ బండికీ బిగించాము, ఆ పని మాత్రం సరిగానే చేశాము.

బోరు కలిసినంత మాత్రాన ఇంజిన్ కలిసినట్టు కాదని చెప్పడానికి ఇంకా ఉదాహరణలు ఉన్నాయి. కొత్త తరం కనెక్టింగ్ రాడ్లలో కొన్నింటి క్యాపును (క్రాంకును చుట్టి పట్టే కింది ముక్కను) కోసి కాకుండా విరగ్గొట్టి తయారుచేస్తారు. ఆ విరుపు గరుకు ఏ రాడ్‌కు ఆ రాడ్‌దే కాబట్టి ఒకదాని క్యాపు ఇంకొకదానికి ఎన్నటికీ కూర్చోదు. పాతవి మూడు, కొత్తవి మూడు రాడ్లు వేసి ఇంజిన్ బిగిస్తే బరువుల తేడా అదురుగా మారి బేరింగులను తినేస్తుంది. 6.7 లీటర్ల ఇంజిన్ కూడా బి సిరీస్‌దే అయినా దాని బోరు 107, స్ట్రోకు 124 మిల్లీమీటర్లు, సిలిండర్ల మధ్య నీరు పోయే దారే లేదు, దానికి 5.9 హెడ్డు గ్యాస్కెట్ వేస్తే అంచు సిలిండరు లోపలికి వేలాడుతుంది. దీనికి భిన్నంగా, నాలుగు సిలిండర్ల 3.9 లీటర్ల 4బీటీ ఇంజిన్‌కూ ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల 6బీటీకీ బోరు, స్ట్రోకు ఒకటే, చాలా భాగాలు నిజంగానే కలుస్తాయి. కలిసేవీ ఉన్నాయి కాబట్టే అన్నీ కలుస్తాయన్న నమ్మకం మాలో పెరిగింది.

కొత్త తరం ఇంజిన్‌ను పాత బండిలోకి ఎక్కించమని కూడా కొందరు అడుగుతున్నారు. పాత నాజిల్ సుమారు 250 బార్ల దగ్గర తెరుచుకుంటుంది. కామన్ రైల్ పైపులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. దాని పంపు, రైలు, నాజిళ్లు, సెన్సర్లు, వైరింగు, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) ఒకే ఇంజిన్ నుంచి పూర్తి సెట్టుగా వస్తేనే ఆ పని ఒప్పుకుంటాము. ఇక పొగ కాలుష్య ప్రమాణాల ప్రకారం 2017 ఏప్రిల్ 1 తరవాత బీఎస్-4తోనో, 2020 ఏప్రిల్ 1 తరవాత బీఎస్-6తోనో రిజిస్టరైన బండికి పాత మెకానికల్ ఇంజిన్ ఎక్కించే పని, ఎంత ఇస్తామన్నా, చేయము. ఏ బండికైనా ఇంజిన్ మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకొని, కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కించాలి. ఆ కాగితం చూపిన తరవాతే ఇంజిన్ దించుతాము.

ఇక మీదట ప్లేటు గానీ, సీరియల్ నంబరు గానీ లేని హాఫ్ ఇంజిన్‌ను తీసుకోము. రెండు తరాల భాగాలు కలపక తప్పని పని అయితే పిస్టన్, నాజిల్, హెడ్డు ముగ్గురన్నదమ్ముల్లా ఒకే తరానివై ఉండాలి. హెడ్డు బిగించే ముందు పిస్టన్ బ్లాకు పైకి ఎంత లేచి వస్తున్నదో డయల్ గేజితో కొలిచి, ఆ అంకె మీ చేతికే రాసి ఇస్తాము. పని అయ్యాక ఏ భాగం ఏ ఇంజిన్ నుంచి వచ్చిందో పంచ్‌తో చెక్కిన రెండో ప్లేటు బ్లాకుకు బిగిస్తాము. దీని వల్ల పనికి రెండు మూడు రోజులు అదనంగా పడుతుంది, మజూరీ కూడా కొంత పెరుగుతుంది. కిరాయి పోగొట్టుకొని బండి నిలబెట్టడం మీకు ఎంత కష్టమో తెలిసే ఈ మాట చెబుతున్నాను.

జగ్గయ్యపేట టిప్పరుకు పాత తరం పిస్టన్లు వేసి, పాడైన బోరుకు స్లీవు (లోపలి గొట్టం) కొట్టించి, మొత్తం ఖర్చు మేమే పెట్టుకొని తిరిగి ఇచ్చాము. నిలిచిన రోజుల కిరాయిలో సగం యజమానికి చెల్లించాము, మిగిలిన సగం దసరాకు ఇస్తామని రాసి ఇచ్చాము. మా పని పుస్తకం వెతికితే ఇలాగే రెండు తరాలు కలిపి కట్టిన ఇంజిన్లు మరో నాలుగు కనిపించాయి. ఆ నలుగురికీ ఫోన్ చేశాము. ఇద్దరి బండ్లు చూశాము, వాటిలో పిస్టన్లు హెడ్డు తరానివే. మిగిలిన ఇద్దరూ లోడు దింపిన వెంటనే బండ్లను షెడ్డుకు తీసుకురావలసిందిగా కోరుతున్నాము. హెడ్డు దించి చూడడానికి, కొత్త గ్యాస్కెట్‌కు మీరు ఏమీ ఇవ్వనక్కర్లేదు. అప్పటిదాకా దయచేసి ఘాట్ రోడ్డుకు పూర్తి లోడుతో వెళ్లకండి.